దయ్యాల బొమ్మకు మూడు ముగింపులు

దగ్గరికి జరగండి. వెనకాల గుసగుసలాడేవాళ్ళు నోళ్ళు కట్టిపెట్టండి, లేదంటే ఈ కథలోని దయ్యం ముందు మీ పక్కనే వచ్చి కూర్చుంటుంది. కూర్చున్నారా? ఇక ఉలిగప్ప సంగతి వినండి.

శక్తినగర్‌లో కరెంటు ఫ్యాక్టరీ కొత్తగా పొగ వదులుతున్న రోజులవి. ఉలిగప్ప అక్కడ బొగ్గు దింపే కూలీ. స్టాఫ్ క్వార్టర్ల వెనక గుడిసెల్లో కాపురం. దింపిన బొగ్గు కంటే చెప్పిన అబద్ధాలే ఎక్కువ. కృష్ణలో మొసలి తనను బీడీ అడిగిందని చెబితే గుడిసెలన్నీ నోరు తెరుచుకుని వినేవి. భార్య శరణమ్మ ఒక్కతే బియ్యం చెరుగుతూ అడిగేది: "తడిచేతుల్తోని అగ్గిపుల్ల ఎట్ల గీసిందయ్యా?" కథ ఎక్కడ కుంటుతుందో ఆమెకు చప్పున తెలిసిపోయేది.

ఆ ఏడు శరణమ్మ కడుపులో గడ్డ లేచింది. రాయచూరు దవాఖానాలో డాక్టరు ఉలిగప్పను పక్కకు పిలిచి, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైంది పెట్టమన్నాడు. ఉలిగప్ప బయటికొచ్చి, "గ్యాసంట. తగ్గుతదంట" అన్నాడు. ఆమె ఊఁ అంది. ఆ మాట మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు. అన్నం సయించేది కాదు. ఏదైనా కథ నడుస్తుంటే మాత్రం కాస్త గంజి లోపలికి పోయేది.

అట్లాంటప్పుడు ఫ్యాక్టరీ క్లబ్బు మైదానంలో తెల్లగుడ్డ కట్టి, ఇంగ్లండు వాళ్ళు తీసిన పాత దయ్యాల సినిమా బొమ్మ వేశారు. ఒకే బొమ్మలో ఐదు కథలట. "పోయి చూసి రా. ఒక్క ముక్క మింగకుండ చెప్పాలె" అని శరణమ్మే తరిమింది. ఆఫీసు వెంకోబరావు సారు మైకు పట్టుకుని తెలుగులో చెబుతుంటే జనానికి అర్థమైంది. వానకు ఒక పాత బంగళాలో చిక్కుకున్న ఐదుగురు తలా ఒక కథ చెప్పుకుంటారు. చివర్లో బంగళా ముసలాడు పెరటి తలుపు తెరుస్తాడు. అక్కడ ఐదు సమాధులు, వాటి మీద వీళ్ళ పేర్లే. వీళ్ళు ఎప్పుడో చచ్చిపోయారు, ఆ సంగతి వీళ్ళకే తెలియదు.

జనం ఈలలు వేశారు. ఉలిగప్పకు మాత్రం ఇంట్లో ఉన్న శరణమ్మ గుర్తొచ్చింది.

తిరిగొస్తూనే, తనతోపాటు బొమ్మ చూసిన పొరుగింటి తిమ్మమ్మనూ, కంపెనీ బస్సు నడిపే హనుమేశ్‌నూ పట్టుకున్నాడు. "మీ కాల్మొక్కుత. ఆ ఆఖరు ముక్క శరణమ్మకు చెప్పకుండ్రి."

"మేమెందుకు చెప్తమన్నా" అన్నాడు హనుమేశ్. తిమ్మమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. చెప్పకూడదని ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు గానీ, దాని బదులు ఏం చెప్పాలో అనుకోవడం మరిచారు.

మర్నాటి నుంచి రోజుకొక కథ. దయ్యం అరిస్తే మన చిమ్నీ పొగ కూడా భయపడి వెనక్కి లోపలికి దూరిందని ఉలిగప్ప తన మసాలా కలిపేవాడు. మొదటి కథకే శరణమ్మ మూతి విరిచింది. "నగలు దొంగిలిచ్చింది దొర. దయ్యం పట్టింది పనిమనిషిని. ఇదేం ఇన్సాఫయ్యా? దయ్యాలు గూడ పెద్దోళ్ళకు భయపడ్తయా?"

రెండో కథలో చచ్చిపోయిన మొగుడు వానలో వచ్చి తలుపు తడతాడు. పెళ్ళాం గడియ పెట్టుకుని కేకలు పెడుతుంది.

"గడియ ఎందుకు పెట్టింది? సొంత మొగుడే గద. తల తుడుచుకోనీకె గుడ్డ ఇయ్యాలె" అంది శరణమ్మ. గంజి గిన్నె పక్కన పెట్టి, "నేనొస్తే తీస్తవా?" అని అడిగింది.

"గంజి చల్లారుతున్నది, తాగు" అన్నాడు ఉలిగప్ప.

ఐదో కథ అయ్యాక, పోలీసులొచ్చి బంగళా ముసలాణ్ణి పట్టుకుపోయారని చెప్పి చేతులు దులుపుకున్నాడు. మరునాడు తిమ్మమ్మ చూడవస్తే, బొమ్మ ఎట్లా అయిపోయిందని శరణమ్మ ఆమెను అడిగింది. "వాన నిలిచింది, ఎవరింటికి వాళ్ళు పోయిన్రమ్మా" అంది తిమ్మమ్మ, చాప అంచు గిల్లుతూ. డ్యూటీ దిగి వచ్చిన హనుమేశ్‌నూ అడిగింది. "బస్సొచ్చింది వదినా. అందర్నీ ఎక్కించుకున్నది. డ్రైవరు చాన మంచోడు" అన్నాడు హనుమేశ్.

సాయంత్రం ఉలిగప్ప మసి కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఒక్క బొమ్మకు మూడు ఆఖర్లు" అంది శరణమ్మ. "నువ్వు పోలీసంటవు, తిమ్మక్క ఇల్లంటది, హనుమేశు బస్సంటడు. ముగ్గురూ నా మొకం చూడకుండనే చెప్పిన్రు. వాళ్ళు సచ్చిపోయిన్రు గద?"

ఉలిగప్ప తలూపాడు.

"ఎప్పుడు?"

"మొదట్నుంచే. వాళ్ళకు తెల్వదంతే."

శరణమ్మ మోచేతి మీద కాస్త పైకి లేచింది. "ఆ ఐదు కథలు ఉత్తవే. భయపెట్టనీకె చేసిన్రు. ఈ ఆఖరు ముక్క మంచిగున్నది. కాని దాంట్ల ఒక్క తప్పున్నది. వాళ్ళకు తెల్వదన్నరు సూడు, అది అబద్ధం. తెలుస్తది. ఇంట్లోళ్ళు బేజారైతరని ఊకుంటరు."

ఉలిగప్ప ఆమె కాళ్ళ మీది దుప్పటి సర్దాడు. సర్దిందే మళ్ళీ సర్దాడు.

"ఏడ్వకు. చూసొచ్చింది చెప్పుడు చాలు" అంది. "ఏదన్న లేంది చెప్పు. నీ సొంతంది."

ఉలిగప్ప నోరు తెరిచాడు. ఎన్నోసార్లు కృష్ణను ఎండబెట్టి, చిమ్నీలకు రెక్కలు తొడిగిన నోరది. ఆ సాయంత్రం దానికి ఒక్క అబద్ధమూ దొరకలేదు. చివరికి, "తీస్తనే" అన్నాడు. "నువ్వొస్తే తలుపు తీస్తనే. గుడ్డ గూడ ఇస్త."

ఆ ఒక్క మాటలో శరణమ్మ తప్పు పట్టలేదు.

జొన్న కోతలకు ముందే ఆమె పోయింది. మట్టి చేసి తిరిగొస్తూ జనం దారి పక్కన కాసేపు ఆగారు. ఆమె గురించి మాట్లాడటానికి ఎవరికీ నోరు రాక బొమ్మ గురించి మాట్లాడుకున్నారు.

"శరణమ్మ అన్నదే నిజం. సచ్చిపోయిన్రని ఆ ఐదుగురికీ తెలిసే ఉంటది" అంది తిమ్మమ్మ.

"తెలిసీ అంతసేపు ముచ్చట్లు పెట్టుకున్నరంటే ఎంత గుండెరా వాళ్ళది" అన్నాడు హనుమేశ్. ఉలిగప్ప మట్టి చేతులు కడుక్కోకుండా అట్లాగే కూర్చున్నాడు.

గడ్డిమోపుతో అటు పోతున్న అమరేశప్ప అనే మనిషి సైకిలు ఆపి ఇదంతా విన్నాడు. ఎవరు పోయారని కూడా అడగలేదు. గొంతు సవరించుకుని ఖండితంగా అన్నాడు: "నేనా బొమ్మ చూడలే. దాని పేరు గూడ తెల్వదు. కాని ఆ ఆఖరు మాత్రం నాకు బిల్కుల్ నచ్చలే."