చంకలో గడ్డ

అది 1973. తార్నాకలో సమ్మక్క ఇంట్లో అద్దెకుంటూ యూనివర్సిటీలో చదువుకుంటున్న కెన్యా అమ్మాయి వంబూయికి ఎడమ చంకలో గడ్డ తేలింది. రెండేళ్ల కిందట వాళ్ల దేశంలో కాన్సరని కుడి రొమ్ము తీసేశారు. మళ్లీ వచ్చిందేమోనని సమ్మక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. దవాఖానకు లాక్కెళ్లింది.

డాక్టరమ్మ వంబూయి జాకెట్టు ఎడమ చెయ్యి పైకి జరపగానే వేపాకు రాలింది. దాని కింద, పది రోజుల నాడు వేయించుకున్న మశూచి టీకా పుండు.

"గిది ముందే చెప్పొద్దా?"

"టీకా పొంగినా అమ్మవారే గదమ్మా. ఆ తల్లి ఒంటి మీదున్నప్పుడు దవాఖానల చెప్పద్దంటరు," అంది సమ్మక్క.

"కాన్సర్ గాదు. టీకాకే బిళ్ల కట్టింది. వారంల పోతది."

పోయింది. అమ్మవారున్న ఇంట్లో పోపు పెట్టకూడదని అన్నాళ్లూ చప్పటి పప్పు తినిపించిన సమ్మక్క, ఆ రోజు కాగిన నూనెలో ఎండుమిరపకాయలు వేసింది. ఘాటుకి ఇద్దరి కళ్లూ కారిపోయాయి.

"ఇంకిన్ని ఎయ్యక్కా," అంది వంబూయి, దగ్గుతూనే.