రెండో పేజీలో సంతకం

మా ఆయనతో వేగడం నావల్ల కాదు. కూరగాయలు తెమ్మని చీటీ రాసిస్తే తేదీ వేయలేదని వెనక్కిస్తారు.

రోడ్డు వెడల్పు చేయడం మీద వచ్చే అభ్యంతరాలను తీసుకునే గుమాస్తా ఆయనే. తన కుట్టుమిషన్ల కొట్టు కూల్చొద్దని సొంత అక్క ఇచ్చిన అర్జీని కూడా, రెండో పేజీలో సంతకం లేదని తిరస్కరించారు.

కూల్చివేత రోజు ఉదయం బుల్డోజరు ఒక్క దెబ్బకు కొట్టు ముందుగోడను కూల్చింది. రెండో దెబ్బకు పైకప్పు మిషన్ల మీద పడింది. లోపలికి ఉరికిన వదినను పోలీసులు జుట్టు పట్టి బయటికీడ్చారు. ఫైలుతో నిలబడ్డ తమ్ముణ్ణి చూడగానే ఆవిడ విరిగిన గుమ్మం చెక్క అందుకుంది.

"ఇదిగోరా నీ రెండో సంతకం!"

ఆయన నుదురు చిట్లింది.

"గడువు దాటింది కదా వదినా, చెల్లదేమో," అన్నాను కొంగుతో రక్తం అద్దుతూ.

"నువ్వు నోర్ముయ్! ఒరేయ్, ఆ పేజీ ఒక్కసారైనా చదివావా?"

ఆయన అప్పుడు ఫైలు తెరిచి చదివారు. అందులో సర్వేయరు గీసిచ్చిన కొలతలున్నాయి. కొట్టు కొత్త రోడ్డు గీతకు ఆరడుగుల అవతలే ఉంది.

"ఆపండి!" అని ఆయన అరిచేలోపే వెనకగోడ కూడా కూలిపోయింది.

దుమ్ములో, అందరి ముందూ, ఆయన అక్క వైపు తిరిగారు.

"సంతకం చూశానే గాని చదవలేదక్కా. తప్పు నాదే."