పది వేళ్లు ముడిచేదాకా

మా ఎనిమిదో తరగతి గోల రోడ్డు మీద బస్సు ఆగే చోటుకి వినిపిస్తుందంటే ఆ గొప్ప నాదే. ముప్ఫై ఏళ్లుగా నా సైన్సు పాఠం అలాగే నడుస్తోంది. "మొక్కలు ఆహారం తయారుచేసుకోవడాన్ని కిరణజన్య..." అని నేను సాగదీయగానే "సంయోగక్రియ!" అని నలభై గొంతులు అందుకుంటాయి. "అర్థమైందా?" అంటే "అయింది సార్!" పక్క గదిలో తెలుగు చెప్పే గోపాల్ కాస్త తగ్గించమని గోడ మీద కొడతాడు. నేను తగ్గించను.

తగ్గించకపోవడానికి ఇంకో కారణం ఉంది, ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం బాన్సువాడలో నా కిరాయి ఇంటి తాళం తీశాక, మర్నాడు బడి గంట కొట్టేదాకా నాకు బదులు పలికే మనిషి లేడు. నా భార్య సుబ్బరత్నమ్మ పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు. కుక్కర్ కూత వేస్తే "ఆ, వస్తున్నా" అంటాను. అదీ ఇప్పుడు నా సంసారం. ఆ నలభై గొంతులూ లేకపోతే నేను బతికున్నట్టు నాకే గుర్తుండదు.

నవంబరులో టీచర్లకు శిక్షణ ఇచ్చే రోజారాణి మా క్లాసు చూడటానికి వచ్చింది. నాకంటే పాతికేళ్లు చిన్న. వెనక బెంచీలో కూర్చుని పాఠమంతా విని, "నేనొక్క ప్రశ్న అడగొచ్చా సార్?" అంది. అడగమ్మా అన్నాను, మీసం దువ్వుకుంటూ.

"పిల్లలూ, నాటేసేటప్పుడు నారు ఎంతుంటది? పిడికెడు. కోసేటప్పుడు సంచులకొద్ది వడ్లు, ట్రాక్టర్ నిండ గడ్డి. గంత బరువు యాడికెల్లి వచ్చింది?"

క్లాసు మూగబోయింది. అందరూ వరి పండించే ఇళ్ల పిల్లలే! నాకు ఒళ్లు మండి "కిరణజన్య..." అని అందించాను. "సంయోగక్రియ!" అని పైకప్పు లేచిపోయేలా అరిచారు. "అంటే బరువు యాడికెల్లి వచ్చినట్టు?" అని ఆవిడ మళ్లీ అడిగింది. పిల్లలు ఇంకో సగం మాట కోసం నావైపు చూశారు.

బయటికొచ్చాక మెల్లగా చెప్పింది. "సార్, ఏమనుకోకుర్రి. సగం జవాబు మీరే చెప్తున్నరు. పిల్లలు తోక అందిస్తున్నరు. అడిగినంక జెర ఆగుర్రి. మనసుల పది లెక్కపెట్టుర్రి."

"ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నానమ్మా," అన్నాను. ఆవిడ నమస్కారం పెట్టి బస్సెక్కింది.

కోపం నాతోపాటే ఇంటిదాకా వచ్చింది. అన్నం కలుపుకుంటూ గోడ మీద సుబ్బరత్నమ్మ ఫొటోతో, "ఆగాలట! నేను ఆగలేనంటావా?" అన్నాను. అన్న వెంటనే "ఎందుకాగలేను, బ్రహ్మాండంగా ఆగగలను" అని నేనే జవాబు చెప్పేసుకున్నాను. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

సుబ్బరత్నమ్మ బతికున్నప్పుడూ నేనింతే. "తిన్నావా? తినే ఉంటావులే." "మీ ఊరెళ్లి మీ అన్నయ్యవాళ్లను చూసొద్దామా? ఇప్పుడెందుకులే." చివరి ఏడాది పొద్దున్నే కడుపు పట్టుకుని కూర్చునేది. "నొప్పా? గ్యాసై ఉంటుందిలే" అనేవాణ్ణి. తలూపేది. నా క్లాసు పిల్లల్లాగే, నేను అందించిన జవాబే నాకు తిరిగిచ్చేది. నిజామాబాద్‌లో పెద్ద డాక్టరుకు చూపించేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు. ఒక్కసారి పది లెక్కపెట్టి ఉంటే చెప్పేదేమో.

మర్నాడు క్లాసులో కొత్త పద్ధతి పెట్టాను. "ప్రశ్న అడిగాక ఎవరూ మాట్లాడొద్దు. అందరం ఒక్కో వేలూ ముడుద్దాం. పదీ ముడిచాక జవాబు. రాకపోతే గుప్పిళ్లు తెరిచి మళ్లీ మొదలు. తొందరేం లేదు." రోజారాణి ప్రశ్నే మళ్లీ అడిగాను.

ఎంత నిశ్శబ్దం! మా ఇంట్లో ఉండేదే నాతో బస్సెక్కి బడికి వచ్చేసిందనిపించింది. నాలుగో వేలికే సగం మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టాను. ఆ రోజు జవాబు రాలేదు. రెండో రోజూ రాలేదు. గోపాల్ తలుపు దగ్గరికొచ్చి, "ఏంది వెంకటనారాయణ సార్, పానం బాగలేదా? క్లాసుల సప్పుడే లేదు" అన్నాడు. ఉన్న గొంతులు కూడా చేజేతులా పోగొట్టుకున్నానని భయం వేసింది. రేపు కూడా ఎవరూ పలక్కపోతే పాత దారే పడదామనుకున్నాను.

మూడో రోజు, రెండోసారి వేళ్లు ముడుస్తుండగా, కిటికీ పక్కన పల్లవి లేచింది. గుంపులో తప్ప ఆ పిల్ల గొంతు విడిగా నేనెప్పుడూ వినలేదు. మొద్దు అని ఎప్పుడో తేల్చేశాను.

"మట్టిలకెల్లి అయితే కాదు సార్," అంది. "మట్టిలకెల్లి అయితే పంట పంటకు మా పొలం గుంత పడాలె కద. మా తాతప్పటి సంది గట్లనే ఉన్నది."

అని ఆగింది. నేను ఇంకో వేలు ముడిచాను.

"నీళ్లు అందామంటే, ఎండిన గడ్డి కూడ బరువుంటది. ఇగ మిగిలింది గాలే కద సార్. గాలికి బరువుంటదా?"

ముప్ఫై ఏళ్లలో నన్ను ఈ మాట ఎవరూ అడగలేదు. అడిగే సందు నేనెక్కడ ఇచ్చాను గనక! సంతోషం పట్టలేక బల్ల మీద చరిచి, "ఉంటుంది తల్లీ, ఆ బరువే మీ గడ్డిలో చేరేది! ఇక మీ వంతు. నన్ను ఏదైనా సరే అడగండి," అన్నాను.

పల్లవి ఇంకా నిలబడే ఉంది. "సార్, బస్సు కాడ రోజూ మీరొక్కరే మాట్లాడుకుంటుంటరు. ఇంటికి పోయినంక ఎవరితోని మాట్లాడ్తరు?"

"మా ఇంట్లో..." అని సాగదీశాను, అలవాటు కొద్దీ. ఈసారి ఎవరూ అందుకోలేదు. నలభై మందీ నావైపు చూస్తూ వేళ్లు ముడవడం మొదలుపెట్టారు. ఏదో ఒక అబద్ధం చెప్పి పుస్తకం తెరవమనొచ్చు. అదీ నోటికి రాలేదు. పదో వేలు ముడిచారు.

పల్లవి గుప్పిళ్లు తెరిచి మళ్లీ చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టింది. మిగతావాళ్లూ తెరిచారు.

"తొందరేం లేదు సార్," అంది.

ఆరో వేలికి చెప్పాను.

"ఎవరితోనూ మాట్లాడనమ్మా. మా ఆవిడ ఉండేది. తను చెప్పేదాకా నేనెప్పుడూ ఆగలేదు."