ఆడపడుచు ఇంటి ఎండ

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా అందివ్వబోయి, డెర్వ్లా కూతురి వీపు చూసి ఆగిపోయింది. భుజాల మీద పట్టీల గీతలు మాత్రమే తెల్లగా ఉన్నాయి. తక్కినదంతా ఉడికించిన రొయ్యలా ఎర్రగా ఉంది. ఐర్లండులోని ఆ కార్క్ ఊళ్ళో రెండు వారాలుగా ఒకటే వాన.

"ఈ ఎండ ఎక్కడ దొరికిందే నీకు?"

"అత్తావాళ్ళింట్లో," అంది క్లోడా చొక్కా లాక్కుంటూ. "సన్‌బెడ్ అద్దెకు తెప్పించింది, పడుకుంటే ఎండలో కాగినట్టు ఒళ్ళు రంగు తేల్చే దీపాల పెట్టె. బడి వీడ్కోలు డాన్సుకి అందరూ రంగు తేలి వస్తుంటే నేనొక్కదాన్నే సున్నపు బొమ్మలా వెళ్ళాలా? సన్‌బెడ్ షాపుకెళ్తే పద్దెనిమిది నిండలేదని తరిమేస్తున్నారు. అత్త కాబట్టి నా బాధ అర్థం చేసుకుంది."

అత్త కాబట్టి! ఆ మాట డెర్వ్లాకి ముల్లులా దిగింది. ఆ వీపు మీద ఏ మచ్చ ఎక్కడుందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. పిల్ల పాకే రోజులనుంచీ ప్రతి వేసవిలో, సముద్రపొడ్డున తను ఒక్క మునకైనా వెయ్యకుండా, ఆ తడి ఒళ్ళు ఎండకి కాలకుండా మళ్ళీ మళ్ళీ క్రీము రాసిందెవరు? "గోడకి వెల్ల వేస్తున్నావా?" అని ఇసకలో పడుకుని నవ్వేవాడు భర్త డోనల్. నవ్వి, తన వీపు కూడా ఆమె వైపే తిప్పేవాడు. అతని చెల్లెలు ఫిడెల్మా ఏనాడూ పిల్ల ముక్కు తుడిచిన పాపాన పోలేదు. తోమిన రాగిచెంబులా మెరుస్తూ వచ్చి, కానుకలిచ్చి, ముద్దులు మూటగట్టుకుని పోయేది. "మా అమ్మాయి అడుగుపెడితేనే ఈ ఇంటికి కళ," అనేది డోనల్ తల్లి, పాలిపోయిన కోడలి మొహం చూస్తూ. చాకిరీ అంతా డెర్వ్లాది, ముద్దులన్నీ చుట్టపుచూపుకొచ్చినవాళ్ళవి.

డోనల్‌తో చెబితే టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"చిన్నతనంలో ఒళ్ళు కాలితే పెద్దయ్యాక చర్మానికి కాన్సరొచ్చే ప్రమాదముందని డాక్టరమ్మ చెప్పలేదా? అందులోనూ మచ్చల ఒళ్ళు దానిది."

"నీ బాధ కాన్సరు కాదులే. ఫిడెల్మా అంటే నీకు మొదట్నుంచీ కుళ్ళు."

అది నిజం. కుళ్ళే. పెళ్ళినాటి నుంచీ పేరుకున్న కుళ్ళు. ఆ ఒక్క మాట పడకూడదనే ఎన్ని విషయాల్లో నోరు కుట్టుకుని ఊరుకుందో! శనివారం క్లోడా మళ్ళీ అక్కడికే బయల్దేరినప్పుడు కూడా ఊరుకుంది. కాసేపటికి ఉండబట్టలేక కోటు తగిలించుకుని వానలో నడిచింది.

ఫిడెల్మా ఇంట్లో, మేడమీది గదిలోంచి ఇద్దరి నవ్వులూ వినిపిస్తున్నాయి. తన ఇంట్లో ఆ పిల్ల అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. డెర్వ్లా తలుపు తోసింది. క్లోడా తువ్వాలు చుట్టుకుని, వెలుగుతున్న ఆ దీపాల పెట్టెలోకి ఎక్కబోతోంది.

"రా వదినా, నువ్వూ పడుకో. కాస్త మనిషి రంగొస్తుంది," అంది ఫిడెల్మా.

డెర్వ్లా వంగి ప్లగ్గు పీకేసింది. దీపాలు ఆరిపోయాయి.

"అయ్యయ్యో, మరీ ఇంత కుళ్ళా వదినా?"

"అవును, కుళ్ళే." డెర్వ్లా చేతిలోని ప్లగ్గు వదల్లేదు. "నీ దగ్గర నవ్వినట్టు నా కూతురు నా దగ్గర నవ్వదు. కడుపు రగిలిపోతోంది నాకు. రేపూ రగులుతుంది. అయితే ఏం? నా కుళ్ళు నిజమైనంత మాత్రాన దాని ఒళ్ళు కాలడం అబద్ధమైపోతుందా? సోమవారానికల్లా ఈ పెట్టె వెనక్కి పోవాలి. బట్టలేసుకో క్లోడా."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ జన్మలో నిన్ను క్షమించనమ్మా!"

"క్షమించకు," అంది డెర్వ్లా కోటు అందిస్తూ. "జుట్టు నెరిసి, పళ్ళూడిపోయేదాకా బతికి, అప్పుడు కూడా నన్ను క్షమించకు."