ఊపిరి విడిచాకే కొలత

వరంగల్ చౌరస్తాలో మల్లికార్జున్ సేటు బట్టల దుకాణం అరుగు మీద నా కుట్టుమిషను పద్దెనిమిదేళ్లు నడిచింది. జనం లోపల గుడ్డ కొని, బయటికి వచ్చి నాకు కొలతలు ఇచ్చేవాళ్లు. సేటు మాటకారి. నేను తక్కువ మాట్లాడతాను. ఇద్దరికీ బాగానే కుదిరింది.

డెబ్భై తొమ్మిది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం సేటు ఒక కాగితం పట్టుకుని అరుగు మీదికి వచ్చాడు.

"సారన్నా, నేను నైజీరియాకు పోదామనుకుంటాన."

"అదేడుంది?"

"ఆఫ్రికాల."

"గాడ ఏమమ్ముతరు సేటూ?"

"అమ్ముడు గాదు. బడిల ఇంగ్లీషు చెప్పే నౌకరి."

నేను మిషను చక్రం ఆపాను.

ఆయనకు నలభై నాలుగు. రోజూ తెల్లవారుజామున చదివి, ప్రైవేటుగా పరీక్షలు కట్టి ఎం.ఏ. ఇంగ్లీషు పాసయ్యాడు. ఆ చదువు దేనికో బజారులో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. ఇప్పుడు తెలిసింది. నలభై అయిదు దాటితే తీసుకోరని కాగితంలో ఉంది. నెల రోజుల్లో ఢిల్లీలో ఇంటర్వ్యూ. అక్కడ వాళ్ల ముందు ఒక పాఠం చెప్పి చూపాలి. పాఠం మొత్తం ఇంగ్లీషులోనే చెప్పాలి. ఆ దేశం పిల్లలకు తెలుగు రాదు, హిందీ రాదు.

ఇంగ్లీషు రానివాళ్లకు ఇంగ్లీషులోనే ఇంగ్లీషు ఎట్లా చెప్తారు? దారం లేకుండా కుట్టినట్టే కదా. ఆ సంగతేమిటో చూడాలని నాకు బాగా అనిపించింది.

"నువ్వే నా స్టూడెంటువు. నీకు ఇంగ్లీషు రాదు, నన్ను జూసి నవ్వవు" అన్నాడు సేటు.

నిజమే. మూడో తరగతితో నా బడి అయిపోయింది.

దుకాణం లోపల గద్దె మీది నుంచి ఆయన అన్న రాజేశ్వర్, వెనక ఇంట్లో ఉన్న సేటు భార్యకు వినబడేలా కేక వేశాడు. "నలభై నాలుగేండ్లకు మా తమ్ముడు బడికి పోతాండు. అనసూయా, టిఫిన్ డబ్బా గట్టు!" తర్వాత నవ్వు ఆపి అన్నాడు. "సూడు తమ్మీ, ఈ ఒక్కసారే. పాస్ గాకపోతే పుస్తకాలన్నీ అటక మీదికి పోవాలె. మళ్ల ఆ మాట ఎత్తొద్దు."

సేటు కాగితం మడుస్తూ, "సరే" అన్నాడు.

మర్నాటి నుంచి బేరాలు లేని మధ్యాహ్నాల్లో పాఠం మొదలయింది. నా డబ్బాలోంచి సూది తీసి పైకెత్తాడు. "దిస్ ఈజ్ ఎ నీడిల్. వాట్ ఈజ్ దిస్?"

మాట నా గొంతులోకి వచ్చింది. నాలుక మీదికి వచ్చేలోపల ఆయనే "నీడిల్!" అని కత్తెర ఎత్తాడు. కత్తెర తర్వాత టేపు, టేపు తర్వాత గుండీ.

అప్పుడే తొర్రూరు నుంచి రవిక గుడ్డకు వచ్చిన కట్టమ్మ మెట్టు మీద ఆగిపోయింది.

"ఓ సారయ్యా, సేటు సూది వట్టుకొని నిన్ను బెదిరిస్తాండేందే?"

"పాఠం చెప్తాండు."

"సూది గురించి నీకా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

సేటు పాఠం వదిలి ఆమె ముందు గుడ్డ తాను విప్పాడు. కట్టమ్మ ఒక్క క్షణం మాట్లాడలేదు. వెంటనే పచ్చది పరిచాడు. మళ్లీ మాట్లాడలేదు. ఎర్రది పరిచాడు. కొనేవాళ్లు ఊరుకున్నారంటే చేయి దానంతటదే అల్మారా మీదికి పోతుంది. బట్టల దుకాణం అలవాటు అది. మాటల మధ్య సందు దొరికితే మనిషి లేచి పక్క దుకాణానికి పోతాడని వాళ్ల భయం. నాకు చెప్పే పాఠమూ అట్లాగే సాగుతోందని అప్పుడు చూశాను. చూశాను గాని చెప్పలేదు. ఎదుటివాడి పనికి వంక పెట్టడం నాకు రాదు.

ఇరవై రోజులు గడిచాయి. నేను విన్న మాటలు చాలా. పలికింది ఒక్కటీ లేదు. సేటు మాత్రం హుషారుగా ఉన్నాడు.

ఒకరోజు ఆయన భార్య అనసూయమ్మ చాయ్ తెచ్చి, మెల్లగా అడిగింది. "సారన్నా, నిజం చెప్పు. మా ఆయన మంచిగ చెప్తాండా?"

"మంచిగనే చెప్తాండమ్మా."

"మరి నువ్వు మంచిగ నేర్చుకుంటానవా?"

నేను చాయ్ వైపు చూశాను. ఆమె నా వైపు చూసి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు సేటు ఇంటర్వ్యూ కోటుకు కొలతలు ఇవ్వడానికి నిలబడ్డాడు. టేపు నడుము చుట్టూ వేసి ఆగాను. ఆగే ఉన్నాను.

"కొలుస్తలేవేంది?"

"మీరు ఊపిరి బిగబట్టిన్రు సేటూ. ఇడిసినంక కొలుస్త. కొత్త బట్ట అనంగనే అందరు బిగబడ్తరు. అప్పుడు కొలిస్తె కోటు పట్టది."

నవ్వాడు. ఊపిరి వదిలాడు. పొట్ట రెండు వేళ్లు ముందుకు వచ్చింది. కొలిచి, టేపు మెడలో వేసుకున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేనని తెలుసు.

"నేను గూడ మీ ముందట గట్లనే కూసుంటాన సేటూ. మాట నోట్లనే ఉంటది. అది బయటికొచ్చేదాంక మీరు ఆగరు."

నా బతుకులో అంత పొడుగు మాట ఎవరికీ చెప్పలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. లోపలికి పోయాడు. నైజీరియా నా నోటితోనే చెడిందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం వచ్చి సూది ఎత్తాడు. "వాట్ ఈజ్ దిస్?"

ఆగాడు. రోడ్డు మీద రిక్షా ఒకటి పోయింది. ఆయన ఎడమ చేయి కత్తెర వైపు కదిలింది. దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు. గద్దె మీద రాజేశ్వర్ తల ఎత్తి చూశాడు. నా చెవులు వేడెక్కాయి.

"దిస్ ఈజ్... నీడిల్" అన్నాను.

సేటు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఢిల్లీ నుంచి వచ్చిన రోజు పెట్టె దించకుండానే అరుగు మీద కూర్చున్నాడు. "ఆ దేశపాయన ఒకాయన స్టూడెంట్ తీరు కూసున్నడు సారన్నా. అడిగితే ఉలకడు, పలకడు. పక్కాయన గడియారం జూస్తాండు. నాకు చెమటలు. ఊకున్న. ఊకున్న. ఆఖరికి ఆ స్టూడెంట్ తీరు కూసున్నాయనే జవాబు చెప్పిండు."

నౌకరి దొరికింది. సెప్టెంబరులో సేటును సాగనంపడానికి స్టేషనుకు నేనూ పోయాను. రాజేశ్వరే పెట్టె మోశాడు.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. అనసూయమ్మ చదివి వినిపించింది. మొదటి రోజు నలభై మంది పిల్లలు, ఒక్కరూ నోరు విప్పలేదట. ఈయన చేతులు కట్టుకుని నిలబడ్డాడట. చివరి బెంచీ నుంచి ఒక ఆడపిల్ల అందరికంటే ముందుగా పలికిందట.

కవరులో నాకని ఒక గుడ్డ ముక్క ఉంది. రంగులు రెండు వైపులా ఒక్క తీరుగా దిగి ఉన్నాయి. ఏది లోపలో ఏది బయటో ఎంత తిప్పినా తేలలేదు. దానికి గుండుసూదితో గుచ్చిన చీటీలో ఇంగ్లీషులో ఒకే ప్రశ్న: వాట్ ఈజ్ దిస్?

అనసూయమ్మ అది చదివి, జవాబు కూడా చెప్పబోయింది. వద్దన్నాను.

జవాబు ఇంగ్లీషులో నా అంతట నేనే రాసి పంపడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.