తిరుగుటపా

ఫ్రిజ్ తలుపు మీద అంటించిన సరుకుల చీటీలో లాయిడ్ మళ్ళీ మూడు సున్నాలు చుట్టాడు. బ్రకోలీకి ఒకటి, మయొనైజ్‌కి ఒకటి, నిమ్మకాయల నెత్తిన నోయలీన్ అనవసరంగా తగిలించిన అపాస్ట్రఫీ తోకకి ఒకటి. ఆ చీటీ రాసుకునేది నోయలీనే, పట్టుకుని బజారుకు వెళ్ళేదీ నోయలీనే. తను రాసుకున్నది తనకు అర్థం కాక నిమ్మకాయలకు బదులు మరొకటి తెచ్చిన రోజు నలభై ఆరేళ్ళ కాపురంలో ఒక్కటీ లేదు. అయినా ఆ ఎర్ర పెన్సిలుకు ఆకలి తీరదు.

లాయిడ్ యారబిన్ ఊరి హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. మాంసం కొట్టతను దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా ఊళ్ళో సగం మంది అతని దగ్గర చదువుకున్నవాళ్ళే కాబట్టి ఇప్పటికీ అందరికీ మాస్టారే. ఊరి వారపత్రికలో పాతికేళ్ళుగా ప్రతి గురువారం ‘ఎర్ర పెన్సిలు’ అనే శీర్షిక రాస్తున్నాడు. రాసేదంతా ఫిర్యాదే. కూరగాయల కొట్టు బోర్డు మీద తప్పు, చర్చి కరపత్రంలో తప్పు, కలర్ అనే మాటలోంచి అమెరికా వాళ్ళు యు అక్షరాన్ని మింగేస్తే మనవాళ్ళు నోరు తెరుచుకుని వాళ్ళ వెనకాల పోవడం తప్పు.

"థాంక్స్ అంటే నో ప్రాబ్లం అంటోంది ఆ కాఫీ కొట్టు పిల్ల. ప్రాబ్లం ఉందని నేనన్నానా?" అనేవాడు. "పైగా ఆసమ్ అట. నేను కాఫీ అడగడం ఆసమ్. పిడుగు పడ్డప్పుడు అనాల్సిన మాట అది. నిన్నూ నన్నూ కలిపి గైస్ అని కూడా అంది. ఇన్నేళ్ళూ నువ్వు ఆడదానివనే అనుకుంటున్నాను మరి."

నోయలీన్ నవ్వేది. నిజంగానే నవ్వొచ్చేది. అతను సరదా మనిషే, ఆ సరదా తన వైపు తిరగనంత సేపూ.

శీర్షిక మొదలైన ఏడాదే ఇంటి చూరు వెంబడి ఉన్న వాననీటి గొట్టంలో ఆకులు తీస్తూ నిచ్చెన మీంచి పడి లాయిడ్ కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముక వంకరగా అతుక్కుంది. అప్పట్నుంచి పెన్సిలుతో గీత గీయగలడు, సున్నా చుట్టగలడు, అక్షరం రాస్తే మాత్రం కోడి కెలికినట్టుంటుంది. టైపు మిషనంటే మొదట్నుంచీ పడదు. అలా రాసే పని నోయలీన్ మీద పడింది. తల్లికి జబ్బు చేయడంతో పధ్నాలుగో ఏట బడి మానేసిన మనిషి ఆవిడ. స్పెల్లింగు రాదు గానీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. అతను ఒక్కో మాటా అక్షరం అక్షరం పలికితే ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూచుని రాసేది. "నీ చెయ్యి, నా తల. ఇంతకు మించిన సంసారం ఏముంది?" అనేవాడు. ఆ మాటకు లోపల పొంగిపోయేది కూడా. పెళ్ళయ్యాక అతని పక్కన కూచుని చేసిన పని అదొక్కటే. మిగతా పనులన్నీ అతని వెనకాల నిలబడి చేసినవే.

ఆ వారం పత్రిక ఎడిటరు ట్రిష్ ఇంటికి వచ్చింది. శీర్షికకు పాతికేళ్ళు నిండిన సందర్భంగా శనివారం పొద్దున లైబ్రరీలో టీ పార్టీ పెడుతున్నారట.

"మాస్టారూ, మీ రాతప్రతి ఒకటి ఫ్రేము కట్టించి లైబ్రరీ గోడకు పెడుతున్నాం. అసలు ఈ రోజుల్లో అలాంటి దస్తూరీ ఎవరికుంది చెప్పండి. మీరు మా క్లాసులో బోర్డు మీద రాస్తే ఇంత అందంగా ఉండేది కాదే," అంది ట్రిష్.

"వయసుతో పాటు కుదురుకుంది," అన్నాడు లాయిడ్.

నోయలీన్ చేతిలో టీ కెటిలుంది. ఊళ్ళో ఎవరి తప్పునూ వదలని మనిషి ఈ తప్పును ఎంత సుళువుగా వదిలేశాడో చూస్తూ మూడు కప్పులూ నింపింది. తర్వాత అడిగితే, "ఊరందరికీ నా చెయ్యి పనికిరాదని చెప్పుకోమంటావా?" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. చివరికి ఆవిడే సారీ చెప్పింది.

మంగళవారం పొద్దున జామ్ కోసం ఆప్రికాట్ పళ్ళు పొయ్యి మీద పెట్టి, గేటు దగ్గర పోస్టు డబ్బా చూసుకోవడానికి వెళ్ళింది. కరెంటు బిల్లు కింద ఒక కవరు ఉంది, దేశానికి ఉత్తరపు కొసనున్న డార్విన్ ఊరి ముద్రతో. దాని మీద పేరు తనదొక్కటే. కూతురు కెరిన్ పంతొమ్మిదో ఏట ఆసుపత్రి ఉద్యోగానికని అంత దూరం వెళ్ళి అక్కడే ఉండిపోయింది. క్రిస్మస్‌కి ఒక ఫోను, పుట్టినరోజుకి ఒక ఫోను. అంతకు మించి ఏమీ లేదు.

కవరులో గీతల కాగితం మీద మనవరాలు టిల్లీ రాసిన ఉత్తరం ఉంది. దానికి తొమ్మిదేళ్ళు. మామిడిపళ్ళు రాలి పడుతున్నాయట. వాళ్ళ కుక్క ఉడుమును తరుముకుంటూ పోయి చెవి చింపించుకొచ్చిందట. వాగులోకి మొసలి వచ్చిందని బోర్డు పెట్టారు కాబట్టి ఈత బందట. ఎందుకంటే అనే చోట బికాజ్‌ని నాలుగే అక్షరాల్లో తేల్చేసింది. ‘నానమ్మలకీ అమ్మమ్మలకీ ఈత రాదని మా ఫ్రెండు అంది. నీకు వచ్చా?’ అని అడిగింది చివర్లో.

గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది నోయలీన్. ఆ మాట ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. పెళ్ళికి ముందు నది ఈ గట్టునుంచి ఆ గట్టుకి ఈదేది తను.

టిల్లీ ఉత్తరం వెనక ఇంకో చిన్న చీటీ ఉంది. అది కెరిన్ రాసింది.

‘అమ్మా, నీకు ఉత్తరం రాస్తానని ఇది పట్టుబట్టింది. నేనేం దిద్దలేదు. నువ్వు కూడా దయచేసి దిద్ది తిప్పి పంపకు. నాకు చేసినట్టు దీనికి చెయ్యకు. నాన్న సంగతి నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. నువ్వూ అంతేనని మాత్రం అనుకోలేదు.’

రెండుసార్లు చదివినా అర్థం కాలేదు. మూడోసారి చదివినప్పుడు అర్థమైంది.

కెరిన్ వెళ్ళిన కొత్తలో అమ్మ పేరున ఉత్తరాలు రాసేది. ఇంటికి వచ్చిన ఉత్తరం ఎవరి పేరున ఉన్నా ముందు విప్పేది లాయిడే. తప్పులకు పెన్సిలుతో సున్నాలు చుట్టి, నోయలీన్‌ను పక్కన కూచోబెట్టుకుని, ఎక్కడ ఏం రాయాలో చెప్పేవాడు. ఆవిడ ఎర్ర సిరాతో అంచుల్లో అందంగా రాసేది. "పిల్ల మంచికే కదా. రేపు పెద్ద ఉద్యోగానికి పోతే ఈ రాతే అడ్డమొస్తుంది," అనేవాడు. దిద్దిన ఉత్తరాన్ని కవరులో పెట్టి తిరుగుటపాలో పంపేవాళ్ళు. అందులో ఇంకేమీ ఉండేది కాదు. మొదటిసారి నోయలీన్ కూడా సగం పేజీ రాసి పక్కన పెట్టింది. లాయిడ్ అందులో పదిహేడు సున్నాలు చుట్టి, "దానికి ఎవరి పోలిక వచ్చిందో ఇప్పుడు తెలిసింది," అని నవ్వాడు. ఆ కాగితం పొయ్యిలో వేసింది. మళ్ళీ రాయలేదు.

నాన్న మణికట్టు విరిగిన సంగతి కెరిన్‌కి ఫోన్లో చెప్పారు. రాసే పని ఎవరి మీద పడిందో చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఒంటరిగా, కొత్త ఊళ్ళో, పంతొమ్మిదేళ్ళ పిల్ల అమ్మతో చెప్పుకున్న మాటలన్నీ అమ్మ చేతిరాతతోనే ఎర్రబడి తిరిగొచ్చాయి. పదకొండు ఉత్తరాలు అలా వెళ్ళాయి. పన్నెండోది రాలేదు. ఈ తరానికి ఉత్తరం రాయడం చేతకాదని లాయిడ్ ఆ నెల ఒక శీర్షిక రాశాడు. దాన్ని కూడా నోయలీనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టింది.

ఇంకో సంగతి అప్పుడు తట్టింది. ఎదురింటావిడ బిస్కట్ల డబ్బా నిండా కొడుకు ఉత్తరాలు దాచుకుంది. తన ఇంట్లో కూతురు రాసిన ఉత్తరం ఒక్కటి కూడా లేదు. అన్నీ తిప్పి పంపేసింది కదా. వాటిలో ఏముందో గుర్తు చేసుకోబోతే తప్పులే గుర్తొచ్చాయి. ఏ మాటలో ఎన్ని ఎల్ అక్షరాలు ఉండాలో గుర్తుంది. పిల్ల ఏడ్చిందా, నవ్విందా, తిన్నదా లేదా, ఏదీ గుర్తు రాలేదు.

జామ్ అడుగంటుతున్న వాసన వేసింది. గబగబా లోపలికి వెళ్ళి గిన్నె దించి, చీటీని ఏప్రన్ జేబులో దాచుకుంది. టిల్లీ ఉత్తరం ఉన్న కవరును మాత్రం బల్ల మీద మరిచిపోయింది. గిన్నె తోమి వెనక్కి తిరిగేసరికి లాయిడ్ కళ్ళజోడు పెట్టుకుని కూచుని ఉన్నాడు. టిల్లీ ఉత్తరం నిండా సున్నాలు.

"చూశావా? ఇరవై రెండు. అదృష్టం వెతుక్కుంటూ వచ్చింది నోయలీన్. పాతికేళ్ళ ప్రత్యేక వ్యాసానికి ఇదే వస్తువు. ముందు పిల్లకి దిద్ది పంపుదాం, తర్వాత వ్యాసం చెప్తాను, రాసి పెట్టు. మధ్యాహ్నం ట్రిష్ వస్తుంది," అన్నాడు.

"దానికి తొమ్మిదేళ్ళు, లాయిడ్."

"తొమ్మిదేళ్ళకి నేను డిక్షనరీ పక్కలో పెట్టుకుని పడుకునేవాణ్ణి."

"దానికి కుక్క ఉంది కదా," అంది నోయలీన్.

అతను అది జోకనుకుని నవ్వి, వ్యాసానికి మొదటి వాక్యం ఆలోచించుకోవడానికి తోటలోకి వెళ్ళాడు.

ఆవిడ రబ్బరు వెతికి తెచ్చుకుంది. ఒక్కో సున్నా చెరుపుతూ, చెరిపిన చోటల్లా ఆ మాటను మళ్ళీ చదివింది. చెవి తెగిన కుక్క మీద నవ్వొచ్చింది. మొసలి మీద భయమేసింది. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుంది. కిటికీలోంచి చూసిన లాయిడ్, పని మొదలుపెట్టేసిందని తృప్తిగా తలూపాడు.

టిల్లీకి నాలుగు లైన్లు చాలాయి. ఈత వచ్చని, నది సంగతీ రాసింది. కెరిన్‌కి రాయడానికి చాలా సేపు పట్టింది. స్పెల్లింగు అడగడానికి రెండుసార్లు తల కిటికీ వైపు తిరిగింది. పాతికేళ్ళ అలవాటు. రెండుసార్లూ తనకు తోచినట్టే రాసేసింది. దిద్దినది మీ నాన్న అని రాసి ఆగిపోయింది. అది నిజమే, అంతటితో వదిలేస్తే తను బయటపడిపోతుంది కూడా. కానీ కవరు అంటించిందెవరు? పోస్టాఫీసు దాకా నడిచిందెవరు? కలం కింద పెట్టేస్తే ఆయన ఏం చేసేవాడు? ఆ కింద ఇంకో లైను చేర్చింది. చెయ్యి మాత్రం నాదే, వద్దని ఒక్కసారి కూడా అనలేదు.

కవరు అంటించి, టోపీ పెట్టుకుని, వెనక గుమ్మం గుండా పోస్టాఫీసుకు వెళ్ళి వచ్చింది. ఎండ మండిపోతోంది. వచ్చేసరికి లాయిడ్ బల్ల దగ్గర పెన్సిలుతో సిద్ధంగా ఉన్నాడు.

"రాశావా? ఏదీ, ఒకసారి చూడనీ."

"పోస్టులో వేసి వచ్చాను."

"అదేంటి? పిల్లకి పంపేముందు నేను చూడొద్దూ?"

"టిల్లీ ఉత్తరం తిప్పి పంపలేదు. అది నా దగ్గరే ఉంటుంది. కెరిన్‌కి నేను రాశాను."

లాయిడ్ కళ్ళజోడు తీశాడు. "నాకు చూపించకుండా? బోలెడు తప్పులుండి ఉంటాయి నోయలీన్."

"ఉన్నాయి."

"అంత అర్జంటుగా రాయాల్సింది ఏముంది?"

నోయలీన్ టోపీ తీసి మేకుకు తగిలించింది. కలం తెచ్చి అతని ముందు, ఆ వంకర మణికట్టు పక్కన పెట్టింది.

"అది రాసిన పదకొండు ఉత్తరాల్లో ఒక్కటైనా దాచుకుని ఉంటే పంపమన్నాను," అంది. "అప్పుడు నేను చదవలేదు."