మంగాయమ్మ పచ్చచీర

నాగదుర్గ ఆడపడుచు మాధురికి పని చెప్పడం వచ్చు, అడగడం రాదు. ఐర్లాండులో కార్క్ దగ్గర ఒక ఊళ్ళో నర్సుగా చేస్తోంది. ఫిబ్రవరి మొదటివారంలో ఒక వాయిస్ మెసేజీ పడేసింది.

"వదినా, మార్చి పదిహేడున ఇక్కడ సెయింట్ పాట్రిక్ పండగ. ఊరంతా పచ్చబట్టలు వేసుకుని ఊరేగింపుగా వెళ్తారు. మన ఇండియా నర్సులం ఐదుగురం కూడా నడుస్తున్నాం. కొత్త బట్ట కొనకూడదని రూలు పెట్టుకున్నాం. పాత పచ్చచీరలతో ఐదు కోట్లు కుట్టి పంపు. మోకాళ్ళ దాకా రావాలి, చలికి ఆగాలి, స్టైలుగా ఉండాలి. పాతచీర అని తెలియాలి గానీ పాతగా కనబడకూడదు."

ఆ చివరిముక్క వినేసరికి నాగదుర్గకి ఒళ్ళు మండింది. తెలియాలట, కనబడకూడదట. రాజోలులో ఇంటి అరుగుమీద మెషీను పెట్టుకుని జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుట్టుకునే మనిషి ఆవిడ. ఆ మాట మెషీను తొక్కుతూ నాలుగుసార్లు, దారం తెగినప్పుడు ఇంకో రెండుసార్లు గొణుక్కుంది. అయినా ఒప్పుకుంది. మొగుడు అంజిబాబు ఖతార్లో డ్రైవరు. ఇంట్లో ఉండేది తనూ, అత్తగారు సూర్యావతీ. ఆడపడుచు మాట కాదనే రోజు ఆ ఇంట్లో ఇంకా రాలేదు.

కోనసీమలో పచ్చకి కరువేమిటి అనుకుంటారు. ఒక్క పాత పచ్చచీర సంపాదించి చూడండి, తెలుస్తుంది. సగం చీరలు అప్పటికే స్టీలు సామాన్లావిడ మూటలో చేరిపోయాయి. ఒకావిడ చీర ఇచ్చి, మర్నాడు మా ఆయన వద్దన్నారండీ అని పట్టుకుపోయింది. ఇంకొకావిడ కాఫీ ఇచ్చి, గంటసేపు కబుర్లు చెప్పి, చివరికి దిండు గలీబు ఇచ్చింది. దొరికిన వాటికి ఫొటోలు తీసి పంపితే మాధురికి నచ్చదు. ఇది చిలకపచ్చ వదినా, ఇది పెసరపచ్చ వదినా, ఇంకాస్త ముదురు కావాలి వదినా. ఆ ఫోను కాలవలో పారేద్దామన్నంత విసుగు వచ్చింది నాగదుర్గకి.

సూర్యావతి బీరువాలో ముదురుపచ్చ చీరలు పదకొండు ఉన్నాయి. అడిగితే ఆవిడ తాళంచెవి బొడ్లో ఇంకాస్త లోపలికి దోపుకుంది.

"నేను బతికుండగానే నా చీరలు కోసేస్తావా అమ్మాయ్?"

"మీ కూతురికే కదండీ అత్తయ్యగారూ."

"నా కూతురికైతే కొత్తది కొంటాను. పుట్టింటినుంచి ఆడపిల్లకి పాతబట్ట పంపుతారా ఎక్కడైనా? పైగా బొంతలా కుడతానంటున్నావు. బొంతలు కప్పుకుని ఊరేగితే ఆ పాట్రిక్ గారు ఏమనుకుంటారు?"

"ఆయన పోయి పదిహేను వందల ఏళ్ళయిందటండి."

"మరీ మంచిది. పోయినాయన పండక్కి పాతబట్టలు."

బొంత ఆలోచన మాత్రం నాగదుర్గదే. చలికి ఆగాలంటే, కొత్తది కొనకూడదంటే, ఇంకో దారి లేదు. లోపల అరిగిపోయిన నూలుచీరలు రెండు పొరలు, పైన పచ్చచీర, మూడూ కలిపి దగ్గర దగ్గరగా చేతికుట్టు. గుండీలకి కొబ్బరిచిప్ప ముక్కలు రాతిమీద అరగదీసి, కాల్చిన మేకుతో చిల్లులు పెట్టింది. వేళ్ళు బొబ్బలెక్కాయి. నాలుగు కోట్లు తయారయ్యాయి. నిజం చెప్పాలంటే బాగా వచ్చాయి. తన కుట్టు తనకే ముచ్చటేసి రెండుమూడుసార్లు తిరగేసి చూసుకుంది. ఐదోది, మాధురి వేసుకోవలసిందే, మిగిలిపోయింది. దానికి చీర లేదు.

ఉంది. నాగదుర్గ ట్రంకుపెట్టె అడుగున ఉంది.

అది వాళ్ళమ్మ మంగాయమ్మది. అల్లవరం దగ్గర కొబ్బరిపీచు నానబెట్టి, బాది, తాళ్ళు పేనిన మనిషి. గారు తగిలించకుండా ఎవరినీ పిలవని ఈ సీమలో ఆవిడని మాత్రం చచ్చేదాకా పీచు మంగ అనే పిలిచారు. ఆవిడ తన రెక్కల కష్టంతో కొనుక్కున్న మంచిచీర ఒక్కటే, బండారులంక నేతచీర, ముదురుపచ్చకి కుంకంరంగు అంచు. వేళ్ళు పీచులా గరుకెక్కిపోయి నేత పోగులు పట్టుకుని లాగేసేవి. అందుకని ఆ చీర కట్టేముందు చేతులకి కొబ్బరినూనె రాసుకుని, కాసేపు ఆగి, అప్పుడు కుచ్చిళ్ళు పెట్టుకునేది. అయినా కుచ్చిళ్ళ దగ్గర అక్కడక్కడ పోగులు లేచే ఉన్నాయి. మంగాయమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆ లేచిన పోగులమీద వేలు పెట్టి నాగదుర్గ ఎన్నిసార్లు కూర్చుందో ఆవిడకే తెలియదు.

మాధురికి ఫోను చేసి, ఐదోదానికి అమ్మ చీర కోస్తానని చెప్పింది.

"వద్దు వదినా, అది నువ్వు దాచుకో."

"పెట్టెలో పెడితే చెదలు తింటాయి. నువ్వు వేసుకుంటే నలుగురూ చూస్తారు."

"అయితే ఒకటి చెప్తాను విను. ఊరేగింపు చివర మమ్మల్ని స్టేజీ ఎక్కిస్తారు. మైకులో ఆవిడ పేరు చెప్తాను. మంగాయమ్మ గారు, తాళ్ళు పేని ఈ చీర కొనుక్కున్నారు అని చెప్తాను."

మంగాయమ్మ గారు. ఆ గారు విన్నాక నాగదుర్గ ఇంకేం ఆలోచించలేదు. మర్నాడు పొద్దున్నే కత్తెర తీసింది. మొదటి కత్తిరింపుకి ముందు కాసేపు వీధిలోకి చూస్తూ కూర్చుంది. తరవాత ఏడుస్తూనే కోసింది. లేచిన పోగులున్న భాగం ఎక్కడో లోపల పడకుండా, సరిగ్గా గుండెమీదకి వచ్చేలా వేసింది. తొమ్మిది రోజులు కుట్టింది. కరెంటు పోతే అరుగుమీద, ఉంటే ఫ్యానుకింద.

కోటు పూర్తయిన రోజున సూర్యావతి దాన్ని రెండువేళ్ళతో ఎత్తి చూసింది.

"ఇది మీ అమ్మది కదూ?"

"ఆయ్."

"ఇది మాధురికా?"

"ఆయ్. తనే ఇష్టపడిందండి."

సూర్యావతి ఇంకేమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే వింత. అప్పుడే నాగదుర్గకి అనుమానం రావలసింది, రాలేదు. మర్నాడు అత్తగారు కళ్ళు చూపించుకోవాలని బస్సెక్కి అమలాపురం వెళ్ళొచ్చింది. పార్సిలు తానే కడతానంది. పూతరేకులు, గోంగూర పచ్చడి, కోట్లు అన్నీ సర్ది, కొరియరు చిట్టిబాబుకి స్వయంగా అప్పగించి వచ్చింది. పోనీలే, ఇన్నాళ్ళకి కాస్త సాయం చేశారు అని నాగదుర్గ సంబరపడింది కూడాను.

మార్చి పదిహేడు సాయంత్రం ఐదున్నరకి అక్కడ పన్నెండు. మాధురి స్నేహితురాలెవరో ఫోను పట్టుకుని లైవు చూపిస్తోంది. పక్కింటి వాణి కూడా వచ్చి కూర్చుంది. డప్పులు, జెండాలు, పచ్చటోపీలు, మొహాలకి పచ్చరంగు పూసుకున్న పిల్లలు. చివరికి మన నర్సులు కనబడ్డారు. నాలుగు బొంతకోట్లు వరసగా నడిచి వస్తున్నాయి. ఆ కుట్లు, ఆ కొబ్బరిచిప్ప గుండీలు ఇంత చిన్న ఫోనులో కూడా తెలుస్తున్నాయి. నాగదుర్గ ఐదోదానికోసం చూసింది.

మాధురి మధ్యలో ఉంది. తళతళ మెరుస్తోంది. నున్నటి పాలిస్టరు కోటు, బంగారు రంగు ప్లాస్టిక్ గుండీలు. అమలాపురం రెడీమేడ్ షాపుల్లో బొమ్మలకి తొడిగి బయట నిలబెడతారే, అది.

నాగదుర్గకి ముందు అర్థం కాలేదు. నెట్టు సరిగ్గా లేదేమో, రంగు మారి కనబడుతోందేమో అనుకుంది. ఇంతలో స్టేజీ వచ్చింది. మాధురి మైకు పట్టుకుని ఇంగ్లీషులో ఏదో చెప్పి, ఆ పాలిస్టరు మీద చెయ్యి వేసుకుని, ఒక్కొక్క అక్షరం స్పష్టంగా పలికింది, మంగాయమ్మ గారు. జనం చప్పట్లు కొట్టారు. గుండెమీద ఆ చెయ్యి ఆనిన చోట లేచిన పోగు ఒక్కటి కూడా లేదు.

వాణి కళ్ళు తుడుచుకుంటోంది. "ఎంత మంచి మాటండీ, మీ అమ్మగారి పేరు అంతదూరం వెళ్ళింది."

నాగదుర్గ అత్తగారివైపు తిరిగింది. సూర్యావతి ఫోనుకేసి తప్ప ఎటూ చూడటం లేదు.

"మా అమ్మ కోటేదండీ?"

"బీరువాలో ఉంది. ఎక్కడికీ పోలేదు."

"ఎందుకు మార్చేరు?"

"ఎందుకేమిటి? అంతమందిలో నా కూతురు చచ్చిపోయినావిడ చీర తొడుక్కుని తిరగాలా? పసుపు పెట్టి కొత్తది పంపేను. మీ వదిన నీకు వేరేగా కుట్టింది, ఇది ఆ చీరదేనని దానికి నేనే ఫోనులో చెప్పేను. తల్లినమ్మా. రేపు అల్లుడిగారి వాళ్ళకి తెలిస్తే ఏమంటారు? అందులోనూ పీచు..." అని ఆగిపోయింది.

"చెప్పండి. పీచు?"

అంతలో ఫోను మోగింది, మాధురి. గొంతు నిండా సంతోషం. "వదినా విన్నావా? అందరూ వచ్చి ముట్టుకుని చూస్తున్నారు. పార్సిలు విప్పగానే దీనికి అత్తరు వాసన వచ్చింది, మీ అమ్మగారు అంత కొత్తగా ఎలా దాచుకున్నారో. పోగులు లేచి ఉంటాయన్నావు, నాకెక్కడా కనబడలేదు."

నాగదుర్గకి నిజం నోటిదాకా వచ్చింది. అవతల పిల్ల అంతమంది ముందు తెలియక అబద్ధం చెప్పి నిలబడి ఉంది. చెప్తే దాని సంతోషం పోతుంది. చెప్పకపోతే మంగాయమ్మ గారంటే ఆ పాలిస్టరే అయిపోతుంది. ఏం చేసినా నష్టం తనదే. ఫోను తీసి అత్తగారి చేతిలో పెట్టింది.

"మీరే చెప్పండి."

సూర్యావతి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. "నీకు బాగా నప్పిందే అమ్మా" అంది. ఫోను పెట్టేసింది.

తెల్లారి సూర్యావతి స్నానానికి వెళ్ళినప్పుడు తాళంచెవి బల్లమీదే ఉంది. నాగదుర్గ బీరువా తీసి, పదకొండు పచ్చచీరల కింద అణిగిపోయి ఉన్న కోటు బయటికి లాగింది. మాధురి తనకన్నా సన్నం. పక్కకుట్లు విప్పి అంగుళం వదిలి మళ్ళీ వేసింది. తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకుని, పది గంటల ఎండలో వీధిలోకి నడిచింది.

మార్చి నెల, రాజోలు, మూడు పొరల బొంతకోటు. గుమ్మం దాటేసరికే వీపు తడిసిపోయింది.

"ఇదేంటండీ దుర్గగారూ, జ్వరమా?" అంది వాణి గేటు దగ్గరనుంచి.

"కాదండి. నిన్న మీరు విన్నారే, ఆ కోటు ఇది. మా అమ్మ మంగాయమ్మ గారిది. తాళ్ళు పేని కొనుక్కుంది. అక్కడ మాధురి వేసుకున్నది అమలాపురంలో కొన్నది."

వాణి నోరు తెరిచి, తరవాత ఫోను తీసి ఫొటో తీసుకుంది. నాగదుర్గ కాదనలేదు.

చిట్టిబాబు కొట్లోంచి బయటికొచ్చి అడిగాడు, చెప్పింది. ఆటోస్టాండులో ఇద్దరు నవ్వారు, నిలబడి వాళ్ళకీ చెప్పింది. కూరగాయలావిడ అడిగింది. దారాల షాపాయన అడిగాడు. అడిగినవాళ్ళకీ చెప్పింది, అడగకుండా గుడ్లప్పగించి చూసినవాళ్ళకీ చెప్పింది. ప్రతిసారీ పేరు పూర్తిగా, గారుతో సహా. సెంటరుదాకా వెళ్ళి, తెల్లదారం ఉండ ఒకటి కొనుక్కుని, అదే దారిన తిరిగొచ్చింది.

అరుగుమీద సూర్యావతి నిలబడి ఉంది. మొహం చూస్తేనే తెలుస్తోంది.

"వాణి ఆ ఫొటో స్టేటస్ పెట్టింది. మాధురి నైట్ డ్యూటీలో ఉందిట, అది చూసి ఫోను చేసింది. నన్ను అమ్మా అని కూడా పిలవలేదు. అంతమందిలో నాచేత అబద్ధం చెప్పించేవు అని ఏడిచింది." ఆవిడ చెయ్యి చాపింది. "ఆ కోటు ఈవేళే పంపమంది. చిట్టిబాబు దగ్గరికి నేనే తీసుకెళ్తాను, ఇయ్యి."

"ఇవ్వనండి."

"తప్పయిపోయిందంటున్నాను కదమ్మా."

"మీరింకా అనలేదండి. అన్నా ఇవ్వను. మాధురితో నేను మాట్లాడుకుంటాను. ఇది ఒకసారి ఇచ్చేను, మీరు వద్దన్నారు. ఇంక నాది."

మెషీను ముందు కూర్చుంది. కొత్త దారం ఎక్కించి, ఎవరిదో సగంలో ఆగిపోయిన జాకెట్టు ముందుకి లాక్కుంది. నుదుటిమీంచి చెమట ధారగా కారుతోంది. సూర్యావతి చూసి చూసి, ఫ్యాను స్విచ్చి వేసింది. కరెంటు లేదు.

"కోటు విప్పవే, చెమటకి తడిసి ముద్దవుతున్నావు."

"ముద్దవనివ్వండి" అంది నాగదుర్గ, గుండెమీద లేచిన పోగులమీద ఒక చెయ్యి ఉంచుకునే మెషీను తొక్కింది.